చాలు అంటే ఏమిటో అతనికి తెలుసు

నా మాట ఇంతవరకు ఎవరూ పట్టించుకోలేదు. వినలేదని అనను. విన్నారు, తల ఊపారు, వేరే ముచ్చట ఎత్తుకున్నారు. మొదటి లాక్‌డౌన్ నాటి నుంచి నేను అడుగుతున్నది ఒకటే ప్రశ్న. గల్లీ కమిటీలో అడిగాను. పోలీసు చౌకీలో కాగితం మీద రాసిచ్చాను. ముద్ర కొట్టిచ్చిన నకలు ఇప్పటికీ నా ట్రంకుపెట్టెలో చీరల కింద ఉంది. సూరత్‌లో మనవాళ్లకు పెద్దమనిషి అనిపించుకునే ఒకాయన ఇంటికి పోయి అడిగితే, ఆయన కుర్చీలో కూర్చుని, నన్ను గడప దగ్గర నిలబెట్టి, "పోనీయ్ తమ్మీ, అందరం బతికి బయటపడ్డం గదా" అన్నాడు. చాయ్ ఆయన ఒక్కడికే వచ్చింది.

అందరం బయటపడలేదు. అందుకే రాస్తున్నాను. పదో తరగతి దాకా చదువుకున్న తెలుగు నా చేతిలో ఇంకా మిగిలే ఉంది. నేను అడిగేది మా పక్క గదిలో ఉండే మనిషిని. అతను తెలుగు చదవలేడు. కానీ తెలుగులో ఒక్క మాట మాత్రం అతనికి బాగా తెలుసు. నా ప్రశ్న ఆ మాట గురించే.

సిరిసిల్ల నుంచి సూరత్ వచ్చిన కొత్తలో నన్ను పాండెసరాలో ఒక ఖాతాలో పెట్టారు. మరమగ్గాల షెడ్డును ఇక్కడ ఖాతా అంటారు. మొదటి రోజు మాస్టర్ దూరం నుంచి నా వైపు చెయ్యి చూపి "చాలూ కర్!" అని అరిచాడు. చాలు అంటున్నాడు కదా అని నడుస్తున్న మగ్గాన్ని ఆపేశాను. "అరే చాలూ కర్, చాలూ!" అని ఇంకా గట్టిగా అరిచాడు. రెండో మగ్గం కూడా ఆపాను. మనకు చాలు అంటే ఇక ఆపమని. వాళ్లకు చాలూ అంటే నడిపించమని. మాస్టర్ వచ్చి నా మెడ మీద ఒక్కటి వేశాడు. ఎడమ చేత్తో కొట్టాడు. షెడ్డంతా నవ్వింది.

నవ్వకుండా వచ్చి విషయం విప్పి చెప్పింది పక్క మగ్గాల దగ్గరున్న మనిషి ఒక్కడే. అతనిది గుజరాతీ. నాకు హిందీ అప్పటికి అంతంతమాత్రం. చేతులతో మగ్గం ఆపి చూపి "తుమ్హారా చాలు" అన్నాడు, మళ్లీ నడిపి చూపి "హమారా చాలూ" అన్నాడు. అలా దోస్తీ అయింది. రెండేళ్ల తర్వాత బమ్రోలిలో మా పక్క గది ఖాళీ అయితే తల్లిని తీసుకుని వచ్చి అందులో చేరాడు. తల్లీ కొడుకూ ఇద్దరే. రెండో అంతస్తు. దిగడానికి ఒక్కటే ఇనుప మెట్ల వరస. గదికీ గదికీ మధ్య గోడ ఒక్క ఇటుక మందం.

ఆదివారాలు మా ఇంట్లోనే తినేవాడు. మా ఆవిడ అన్నం వడ్డిస్తుంటే చెయ్యి అడ్డం పెట్టి "చాలు, భాభీ" అనేవాడు. ఆమె గరిటె గాలిలోనే ఆపి అడిగేది.

"ఏ చాలు భయ్యా? మీ చాలా, మా చాలా?"

"మీ చాలు" అంటే ఆపేది. "మా చాలూ" అంటే ఇంకో గరిటె పడేది. ఎన్ని ఆదివారాలో ఈ ఆట. ప్రతిసారీ కొత్తగా విన్నట్టు నవ్వేవాడు. అతని తల్లికి ఈ ఆట నచ్చేది కాదు. అన్నం దగ్గర పరాచికాలేంటని విసుక్కునేది. ఆమెకు ఇక వద్దనిపిస్తే "బస్, బేటా, బస్" అనేది, అంతే. ఒకసారి అందరం బస్సెక్కి డుమస్ పోయాం. సముద్రం ఒడ్డున టమాటా భజియా కొనుక్కున్నాం. పొట్లంలో చట్నీ పోసేవాడితోనూ ఆమె అదే మాట అంది. ఆ బస్సులో కిటికీ సీటు మీద నేను తువ్వాలు వేసి పెట్టుకుంటే దాని మీదే ఇతను కూర్చున్నాడు. వెళ్లేటప్పుడూ, వచ్చేటప్పుడూ. అప్పటికి అతని మీద నాకున్న పెద్ద ఫిర్యాదు అది.

లాక్‌డౌన్ వచ్చింది. ఖాతాలు బంద్ అయ్యాయి. మగ్గాల మోత ఆగిపోయేసరికి గల్లీలో ఎవరు దగ్గినా నాలుగు గదుల అవతలికి వినబడసాగింది. గల్లీ రెండు కొసల్లో వెదుళ్లు అడ్డం కట్టారు. కట్టారు అంటున్నాను గానీ, ముడులు వేసింది నేను. బయటివాడెవడూ లోపలికి రాకూడదని కమిటీలో గట్టిగా మాట్లాడినవాళ్లలో కూడా నేను ఉన్నాను. రెండో వారంలో కింది గదివాళ్ల చుట్టం ఒకడు సంచీ భుజాన వేసుకుని వస్తే వెదురు అవతలి నుంచే తిప్పి పంపాం. నీళ్లడిగాడు. సీసా విసిరింది నేనే. అది అతని చేతికి అందక మోరీలో పడింది. అతను వంగి తీసుకుని, తుడుచుకుని, తాగుకుంటూ వెళ్లాడు. అప్పుడు మాకు నవ్వు కూడా వచ్చింది.

ఆ తర్వాతి వారం మా బామ్మర్ది వచ్చాడు. కడోదరలో మగ్గం మీద పని అతనిది. ఖాతా మూతపడింది, మెస్ మూతపడింది, గది యజమాని తాళం వేసి బయటికి పంపాడు. కాలువ గట్టు వెంబడి నడిచి తెల్లవారేసరికి మా వెదుళ్ల దగ్గరికి చేరాడు. ముడి వేసినవాడికి విప్పడం తెలుసు. విప్పాను, లోపలికి తెచ్చాను, మళ్లీ కట్టాను. ఇది తప్పు. నేను తిప్పి పంపిన మనిషి తాలూకు వాళ్లు వచ్చి నిలదీసి ఉంటే తల వంచుకునేవాణ్ని. వాళ్లు రాలేదు.

బామ్మర్దికి దగ్గు. దారం దుమ్ము పదేళ్లు పీల్చినవాడికి ఉండే దగ్గే, మా అందరికీ ఉన్నదే. కానీ ఆ రోజుల్లో దగ్గుకు ఒకటే పేరు. మూడు రోజులు నోట్లో తువ్వాలు కుక్కుకుని దగ్గాడు. మా ఆవిడ ఏదైనా మాటంటే "నవ్వియ్యకే అక్కా, నవ్వితె దగ్గొస్తది" అని చేతులు జోడించేవాడు. గోడకు అవతల ముసలామె మంచం. ఆమెకు వినబడింది. ఎవరైనా అడిగితే చెప్పిందో, భయపడి తానే చెప్పిందో తెలియదు.

మూడో రోజు మధ్యాహ్నం, అన్నాలు తినే వేళ, తలుపు చప్పుడైంది.

"భాయ్, దర్వాజా ఖోల్. మై అకేలా హూ."

పక్క గది మనిషి గొంతు. ఒక్కణ్నే ఉన్నానంటున్నాడు.

"తియ్యకు బావా" అన్నాడు బామ్మర్ది, ముద్ద చేతిలో పట్టుకుని.

"మనోడేరా" అన్నాను.

గడియ తీసింది నేను. ఈ సంగతి నేనే చెప్తున్నాను, ఎవరూ నా నోటి నుంచి లాగనక్కర్లేదు. తలుపు జానెడు తెరుచుకుందో లేదో అతను పక్కకు తప్పుకున్నాడు. అతని వెనక తొమ్మిది మంది. ముఖాలకు గుడ్డలు. చేతుల్లో వెదుళ్లు, నేను కట్టినవే. ముడి విప్పడం చేతకాక కోసేసినట్టున్నారు, చివర్లకు నా తాడు ముక్కలు వేలాడుతున్నాయి. అందరూ మా గల్లీవాళ్లే. ముఖాలు కప్పుకున్నా చెప్పులు కప్పుకోలేదు. ఎవరి చెప్పులు ఎవరివో నాకు తెలుసు.

గోడకు ఆనించి ఒక మగ్గం కర్ర ఉండేది. షటిల్‌ను తన్నే కర్ర. అరిగిపోతే ఇంటికి తెచ్చుకున్నాను, మా ఆవిడ బట్టలు ఉతకడానికి వాడేది. అది అందుకుని గడప దాటిన మొదటివాడి భుజం మీద వేశాను. లోపల ఏదో విరిగినట్టు చప్పుడు వినబడింది. దానికి నాకు ఇప్పటికీ విచారం లేదు. నా ఇల్లు, నా గడప. రెండో దెబ్బ వేసే లోపల నలుగురు నన్ను అన్నం గిన్నె మీదికి నెట్టి, మోకాళ్లతో తొక్కిపట్టారు. ఆ అన్నం వేడి నా వీపుకు ఇంకా తెలుస్తుంది.

బామ్మర్దిని కాళ్లు పట్టి వరండాలోకి లాగారు. అతను కుడిచేత్తో ద్వారబంధం పట్టుకున్నాడు. వదల్లేదు. వదిలించడానికి వేళ్ల మీద కొట్టడం మొదలుపెట్టారు. మా ఆవిడ పరిగెత్తుకుపోయి వాకిట్లో నిలబడి అరిచింది.

"చాలు! చాలు! భయ్యా, చాలని చెప్పు వాళ్లకు! చాలు!"

ఆమెకు హిందీ వచ్చు. గుజరాతీ కూడా కూరగాయల బేరం వరకు వచ్చు. కానీ తోడబుట్టినవాడి వేళ్లు ముందర పగులుతుంటే మనిషికి తల్లి నేర్పిన మాటే వస్తుంది.

వెదురు ఎత్తినవాడు ఒక్క క్షణం ఆగాడు. ఆగడం నేను చూశాను. నేల మీద పడి ఉన్నాను కాబట్టి బాగా చూశాను. వాడు పక్క గది మనిషి వైపు తిరిగి "క్యా బోల్ రహీ హై?" అని అడిగాడు. ఆమె ఏమంటోందని.

పక్క గది మనిషి గోడకు ఆనుకుని ఉన్నాడు. నోటి మీద గుడ్డ. "చాలూ బోల్ రహీ హై" అన్నాడు. "చాలూ రఖో."

నడిపించమంటోందట. ఎవడో నవ్వాడు. "వాడి అక్కే ఒప్పుకుంది, కానివ్వండి" అన్నాడు ఇంకొకడు హిందీలో. మళ్లీ మొదలుపెట్టారు. ఆమె చాలు అన్నప్పుడల్లా వెదురు పడింది. ఎంత అరిస్తే అంత పడింది. కాసేపటికి ఆమెకు అర్థమైంది. తన నోరు తానే రెండు చేతులతో మూసుకుంది. అప్పుడు ఆగారు.

బామ్మర్దిని మెట్ల మీదుగా ఈడ్చుకుపోయి గల్లీ బయట ఎండలో పడేశారు. అంబులెన్స్ సాయంత్రానికి వచ్చింది. ముక్కులో పుల్ల పెట్టి చూశారు. జబ్బు లేదన్నారు. వేళ్లు మాత్రం మూడు పోయాయి. బొటనవేలు, చూపుడువేలు, నడిమివేలు. వంగవు. తెగిన పోగును ముడి వెయ్యడానికి కావలసినవి ఆ మూడే.

జబ్బు లేదన్న కాగితాన్ని నేను పక్క గది తలుపుకు అన్నం మెతుకులతో అంటించాను. తెల్లారి చూస్తే లేదు. చింపి ఉంటే ముక్కలైనా కనబడేవి. మెతుకులతో సహా కడిగేశారు.

చౌకీలో నా కాగితం చదివిన మనిషి కింద హిందీలో ఒక్క మాట రాశాడు. గలత్‌ఫహమీ. అపార్థం. భాష తెలియక జరిగిందట. కమిటీవాళ్లు అదే అన్నారు, పెద్దమనిషి అదే అన్నాడు. "ఆనికి తెలుగు రాదు గదా తమ్మీ, ఆనికి ఇనవడ్డది ఆడు చెప్పిండు." తెలుగు రాదు. నిజమే. ఒక్క మాట వచ్చు. ఆ మాట అంటూనే అన్నం తిన్నాడు మా ఇంట్లో, ఏళ్ల తరబడి.

ఖాతాలు తెరిచాక మొదటిసారి అతన్ని అడిగాను. పక్క పక్క మగ్గాలు. నా నోటి దగ్గర చేతులు పెట్టుకుని అరిచి అడిగాను. అతను చెవి చూపించి చెయ్యి తిప్పాడు. మోతలో వినబడడం లేదట. అదే మోతలో ఇరవై ఏళ్లు పెదవులు చూసి మాట్లాడుకున్నాం మేము. రెండోసారి నల్లా దగ్గర అడిగాను. బిందె సగం నిండకుండానే ఎత్తుకుని పోయాడు. మూడోసారి ఇనుప మెట్ల మీద దారి అడ్డం నిలబడి అడిగాను. "భాయ్, జానే దే" అన్నాడు. అది దారి వదలమనడమో, సంగతి వదిలెయ్యమనడమో తెలియలేదు. రెండూ వదిలేది లేదని చెప్పాను. వెనక్కి తిరిగి పైకి ఎక్కి గదిలోకి పోయాడు. ఆ రోజు అతని డ్యూటీ పోయింది. నాకు సంతోషమైంది.

బామ్మర్ది మా దగ్గరే ఉండిపోయాడు. ఎడమచేత్తో తినడం నేర్చుకున్నాడు. మా ఆవిడ చాలు అనడం మానేసింది. ఇది నేను కొన్నాళ్లకు గానీ గమనించలేదు. వడ్డిస్తుంటే కంచం మీద అరచెయ్యి పెట్టేది. చూసుకోకుండా వడ్డిస్తే వేడి అన్నం ఆమె చేతి మీద పడేది. అయినా నోరు తెరిచేది కాదు.

మరుసటి ఏడు జబ్బు మళ్లీ వచ్చింది. ఈసారి వెదుళ్లు కట్టే ఓపిక ఎవరికీ లేదు. ఎవరి తలుపు వాళ్లు వేసుకున్నారు. గోడ అవతలి నుంచి దగ్గు వినబడసాగింది. ముసలామెది. రెండు రోజులు దగ్గు, మూడో రోజు పొద్దున దగ్గు కూడా లేదు, ఊపిరి ఈడుస్తున్న చప్పుడు. మేం ముగ్గురం చాయ్ తాగుతూ విన్నాం.

తలుపు కొట్టాడు.

"భాయ్, దర్వాజా ఖోల్. మై అకేలా హూ."

అవే మాటలు. గుర్తుండి అన్నాడో, లేకనో. ఈసారి నిజంగానే ఒక్కడు. అమ్మను దవాఖానాకు తీసుకుపోవాలి, కింద రిక్షా పెట్టాను, మంచం మీద నుంచి లేవడం లేదు, మెట్లు దింపడానికి ఇద్దరు పట్టాలి, గల్లీలో ఎవరూ తలుపు తీయడం లేదు. ఇదంతా తలుపు సందులోంచి చెప్పాడు.

బామ్మర్ది లేచాడు. నేను వెళ్లి తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాను.

"జర తప్పుకో బావా."

"కూసో."

"ముసలామె బావా. పాణం పోతది."

"నీ దగ్గు ఇన్నది గా ముసలామెనే."

"ఇంటె ఇన్నది తీయ్. చెవులుంటె ఇనరా?" నా పక్క నుంచి చెయ్యి పోనిచ్చి గడియ అందుకోబోయాడు. కుడిచెయ్యి. ఆ వేళ్లతో గడియ లాగలేడు. అయినా అదే చెయ్యి పెట్టాడు. నేను ఆ చెయ్యి పట్టుకుని నొక్కాను. ఎక్కడ నొప్పి ఉంటుందో నాకు తెలుసు. ఆసుపత్రిలో కట్లు విప్పిన రోజు పక్కన ఉన్నది నేనే. అతను కిందికి కూలబడ్డాడు. మా ఆవిడ బియ్యం చాటలో రాళ్లు ఏరుతోంది. తల ఎత్తలేదు. వేళ్లు మాత్రం ఆగిపోయాయి.

తలుపు వైపు తిరిగి అన్నాను. "ముందు జవాబు చెప్పు. ఆ రోజు నీకు ఏ చాలు వినబడ్డది?"

"భాయ్, మా కో సాంస్ నహీ ఆ రహీ."

"జవాబు."

ఊపిరి ఆడటం లేదని మళ్లీ అన్నాడు. నేను మళ్లీ జవాబన్నాను. ఎన్నిసార్లు జరిగిందో లెక్కపెట్టలేదు. తర్వాత తలుపు కింది వెలుతురులోంచి అతని కాళ్ల నీడ పోయింది.

ఒక్కడే వీపు మీద వేసుకుని దించాడు. ఇనుప మెట్లు అంత బరువును దాచవు. ఒక్కో మెట్టుకు ఒక్కో మోత. మొదటి మలుపు దగ్గర ఆగాడు. అక్కడ ఆమె గొంతు వినబడింది, సన్నగా.

"బస్, బేటా. బస్."

అది నాకు అర్థం కాలేదని చెప్పడానికి లేదు. ఆమె మెట్ల మలుపులోనే ఉంది. గడియ నా చేతిలోనే ఉంది. తలుపు తీసి నాలుగు అంగలు వేస్తే చేరేవాణ్ని. తీయలేదు. మెట్లు మళ్లీ మోగడం మొదలయ్యాయి.

నాలుగో రోజున ఆమె పోయింది. ఆస్పత్రివాళ్లు శవాన్ని ఇంటికి ఇవ్వలేదు. నేను పట్టి ఉంటే బతికేదా? డాక్టరును అడిగితే చెప్తాడేమో. నేను అడగలేదు. ఎవరి ప్రశ్న వాళ్లు అడుక్కోవాలి.

బామ్మర్ది ఆ మరుసటి రోజే సంచీ సర్దుకున్నాడు. కడోదరలో ఒక గేటు దగ్గర వాచ్‌మన్ పని చూసుకున్నాడు. గడప దగ్గర చెప్పులేసుకుంటూ, "ఆళ్లు నా ఏళ్లు ఇరగ్గొట్టిండ్రు బావా. నువ్వు ఇరిగినయి పిసికినవ్. గంతే ఫరక్" అన్నాడు. మళ్లీ రాలేదు. మా ఆవిడ నెలకోసారి బస్సెక్కి తనే పోతుంది. నన్ను రమ్మనదు. ఎవడి కోసం నేను ఆ గడపలో నిలబడి కర్ర ఎత్తానో, నాకు ఆ మాట అన్నది వాడు. ఇది కూడా నేను మర్చిపోను.

పక్క గది మనిషి ఇప్పటికీ పక్క గదిలోనే ఉన్నాడు. ఒక్కడే వండుకుంటాడు. అతను స్టవ్ ముట్టించినా, గిన్నె కడిగినా నాకు వినబడుతుంది. నేను మాట్లాడేది అతనికి వినబడదా? ఆదివారాలు గోడ వైపు కూర్చుని గట్టిగానే అడుగుతాను. అవతల చప్పుడు ఆగిపోతుంది. ఆగుతుందంటే వింటున్నట్టే కదా. కాసేపటికి మళ్లీ గిన్నెలు.

భయపడ్డాను అని నువ్వు చెప్పినా వింటాను. అమ్మ ఆ గోడ పక్కనే పడుకునేది, ఆమెకు అంటుతుందని భయపడ్డాను, అందుకే తెలిసీ అలా అన్నాను అని చెప్పు. లేదా ఆ గోలలో నిజంగానే నీ భాష వినబడిందని చెప్పు. నమ్ముతానని మాట ఇవ్వను. కానీ అపార్థం అని రాసిచ్చినవాళ్ల నోటి నుంచి కాదు, నీ నోటి నుంచి రావాలి. తలుపు వెనక నేను ఏం చేశానో ఎవరూ అడగకముందే ఇక్కడ రాశాను. మెట్ల మలుపులో మీ అమ్మ అన్న మాట నాకు వినబడిందనీ, అర్థమైందనీ రాశాను. అది నా జవాబు.

ఇప్పుడు నువ్వు చెప్పు. మా ఆవిడ వాకిట్లో నిలబడి అరిచింది ఏ చాలు భాయ్? మీ చాలా, మా చాలా?